ఫిట్ – దేనికి ఫిట్?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా డిసెంబరు 17వ తేదీన మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభువుల దయాధర్మం కాదు, చేసిన సేవకు ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అని తీర్పు చెప్పింది. ఆ విషయం నాకు ముందు మాట్లాడిన పెద్దలు విపులంగా చెప్పారు. కరువు భత్యం సంగతి, హెల్తు కార్డుల సంగతి కార్యదర్శిగారు చెబుతారు. నాకు అప్పగించిన పని వేరు. "మాష్టారూ, మీరు జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. మాకందరికీ పనికొచ్చే ఇంగ్లీషు మాట ఒకటి తీసుకుని ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. ఇంగ్లీషు మాష్టారుకు మైకు ఇచ్చి అరగంట అంటే అది ఎంతవరకు వెళుతుందో మీకు తెలుసు. అయినా సాధ్యమైనంత తొందరగా ముగిస్తాను.

నేను తీసుకున్న మాట చాలా చిన్నది. ఎఫ్, ఐ, టి, మూడే అక్షరాలు. ఫిట్. వ్యాకరణం ప్రకారం విశేషణం. ఈ హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ ఈ మాట వల్లనే ఉద్యోగంలో చేరారు. డాక్టరుగారు మన ఎత్తు, ఛాతీ, చూపు చూసి, కాగితం మీద 'ఫిట్' అని రాసి సంతకం పెడితేనే మన సర్వీసు రిజిస్టరు మొదలైంది. మధ్యలో జబ్బు చేసి మెడికల్ లీవు పెడితే, తిరిగి డ్యూటీలో చేరడానికి మళ్లీ అదే మాట కావలసి వచ్చింది. ఫండమెంటల్ రూల్సులో 71వ రూలు అదే. వైద్య ధ్రువపత్రం మీద సెలవు తీసుకున్నవాడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకుండా డ్యూటీలో చేరరాదు. అంటే జబ్బు తగ్గిందా లేదా అని మన ఒంటిని అడగరు, కాగితాన్ని అడుగుతారు. మనలో కొందరి సర్వీసు ఆ మాటకు ముందు 'అన్' అనే రెండక్షరాలు చేరడం వల్ల ముగిసింది కూడా. ఒక మాట మన కూడు గుడ్డల మీద ఇంత పెత్తనం చేస్తున్నప్పుడు దాని అర్థం సరిగా తెలుసుకోవడం మంచిది కదా.

ఈ రోజుల్లో పిల్లలకు ఫిట్ అంటే ఒకటే అర్థం. జిమ్ముకు పోవడం, కండలు పెంచడం, పొట్ట లేకపోవడం. మా మనవడు నన్ను చూసి "తాతా, నువ్వు ఈ వయసులో కూడా ఫిట్టే" అంటాడు. సంతోషమే. కాని ఇది ఆ మాటకు ఉన్న అసలు అర్థం కాదు, తర్వాత వచ్చి చేరినది. అసలు అర్థం 'తగిన' అని. ఒక పనికి, ఒక సందర్భానికి, ఒక చోటుకు తగినది ఏదో అది ఫిట్. ఆరోగ్యం, బలం అనే భావం అందులోంచి పుట్టిన పిల్ల మాత్రమే. పనికి తగిన స్థితిలో ఒళ్లు ఉంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నాడు అన్నమాట.

తెలుగులో దీనికి సరిజోడు 'తగు' అనే ధాతువు. ఎంత పెద్ద సంసారమో చూడండి. తగిన సంబంధం, తగినంత ఉప్పు, తగిన శాస్తి, ఇది నీకు తగదు. పిలవని పేరంటానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నవాణ్ణి "తగుదునమ్మా అని వచ్చాడు" అంటాం. అంటే తన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తానే రాసుకున్నవాడు. 'తగవు' అనే మాట కూడా ఈ ఇంటిదే. ఇప్పుడు తగవు అంటే జగడం అనుకుంటున్నాం గాని, పాత తెలుగులో తగవు అంటే న్యాయం, తగిన తీరు. తగవు చెప్పే పెద్దమనిషిని తగవరి అనేవారు. న్యాయం కోసం వెళ్లిన చోటల్లా జగడమే కనబడింది కాబోలు, చివరకు ఆ మాటకు జగడం అర్థమే మిగిలింది. ఇది నా ఊహ, భాషా శాస్త్రజ్ఞులు కోప్పడకూడదు.

ఇప్పుడు కొంచెం వ్యాకరణం. భయపడకండి, పరీక్ష పెట్టను. ఈ విశేషణం నామవాచకానికి ముందు వచ్చినప్పుడు ఒక రకంగా, తర్వాత వచ్చినప్పుడు ఒక రకంగా అర్థమిస్తుంది. 'ఎ ఫిట్ మ్యాన్' అంటే ఆరోగ్యవంతుడు. 'ఎ మ్యాన్ ఫిట్ ఫర్ ద పోస్ట్' అంటే ఆ ఉద్యోగానికి తగినవాడు. మొదటివాడు రెండోవాడు కానక్కరలేదు. రెండోవాడికి షుగరు, బీపీ ఉన్నా పరవాలేదు. ఇక్కడ కీలకం 'ఫర్' అనే మాట. నామవాచకం వస్తే 'ఫిట్ ఫర్', క్రియ వస్తే 'ఫిట్ టు'. ఫిట్ ఫర్ డ్యూటీ, ఫిట్ టు ట్రావెల్. నేను పిల్లలకు చెప్పేవాణ్ణి, ఫిట్ ఒంటరిగా తిరగదురా, దాని చెయ్యి పట్టుకుని ఫర్ గాని టు గాని ఉంటుంది, లేకపోతే ఎక్కడ విడిచిపెట్టి వచ్చిందో వెతకండి అని. తెలుగులోనూ అంతే. 'తగినవాడు' అనగానే దేనికి అని అడుగుతాం.

ఈ 'దేనికి' అనే ప్రశ్న వదిలేసినందువల్ల ప్రపంచంలో ఎంత అనర్థం జరిగిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 'సర్వైవల్ ఆఫ్ ద ఫిటెస్ట్' అనే మాట మీరందరూ వినే ఉంటారు. డార్విన్ మాట అనుకుంటాం. నిజానికి అది హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఆయన 1864లో వాడిన మాట. డార్విన్ తన గ్రంథం అయిదవ ముద్రణలో, 1869లో, దాన్ని స్వీకరించాడు. డార్విన్ దృష్టిలో ఫిటెస్ట్ అంటే బలవంతుడు కాదు. ఆ చోటుకు, ఆ వాతావరణానికి ఎక్కువ తగినది. ఎడారిలో ఏనుగు కంటే తొండ ఫిట్. కాని లోకం దాన్ని బలవంతుడిదే రాజ్యం అని తర్జుమా చేసుకుంది. బలహీనుణ్ణి తొక్కేవాళ్లకు, ఇతర జాతులను బానిసలుగా చూసేవాళ్లకు ఆ తప్పుడు తర్జుమా బాగా కలిసి వచ్చింది. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో అమెరికాలోను, ఆ తర్వాత హిట్లర్ జర్మనీలోను 'అన్‌ఫిట్' అనే ముద్ర వేసి మనుషులకు బలవంతంగా సంతానం కలగకుండా ఆపరేషన్లు చేశారు. దేనికి అన్‌ఫిట్ అని అడిగే నాథుడు లేకపోయాడు.

ఆఫీసు భాషలో ఈ మాటకు ఒంటితో ఏమీ సంబంధం ఉండదు. గుమాస్తాగా చేసినవారికి తెలుసు, నోట్ ఫైలులో 'దిస్ ఈజ్ ఎ ఫిట్ కేస్' అని రాస్తే ఆ కేసు ఆరోగ్యంగా ఉందని కాదు, మంజూరుకు తగినదని. కోర్టు పిటిషన్ల చివర 'యాజ్ ద కోర్ట్ మే డీమ్ ఫిట్' అని ఉంటుంది. కోర్టువారికి తగినదని తోచిన ఉత్తర్వు ఇవ్వండి అని. దేవాదాయ శాఖలో పనిచేసినవారు మన సంఘంలో ఇద్దరున్నారు, వారు నవ్వుతున్నారు. 1987 దేవాదాయ చట్టంలో 'ఫిట్ పర్సన్' అని ఒకరుంటారు. గుడికి ధర్మకర్త లేనప్పుడు తాత్కాలికంగా వ్యవహారం చూసేవారు. ఆ పదవికి దండ కసరత్తు అవసరం లేదు. నమ్మదగినవాడయితే చాలు.

లారీకీ ఫిట్‌నెస్ ఉంది. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం రవాణా వాహనానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకపోతే రోడ్డెక్కరాదు. మన బొగ్గు లారీల ధర్మమా అని అది ఏ రోడ్డుకు ఫిట్టో, మన రోడ్డు ఏ లారీకి ఫిట్టో నేను చెప్పను. ఫారెస్టు డిపార్టుమెంటులో ఇంకో రకం ఫిట్. బీట్ ఆఫీసరు ఉద్యోగానికి మగపిల్లలు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడపిల్లలు 16 కిలోమీటర్లు నడవాలి. గుండాల, ఆళ్లపల్లి వైపు కోయ పిల్లలకు నడక కొత్తా? కాని అదే పిల్లలు రాత పరీక్ష దగ్గర ఆగిపోవడం చూస్తాం. నడకకు ఫిట్ అయినవాడు కాగితానికి ఫిట్ కాలేదు. ఆ కాగితానికి వాళ్లను తయారు చేయవలసిన వృత్తి నాది కాబట్టి ఈ విషయం మీద ఎక్కువ మాట్లాడను.

ఒక పిట్టకథ. ఇది హాస్యానికి చెబుతారు, జరిగిందో లేదో తెలియదు. ఒక తల్లి కొడుకును ఉద్యోగంలో చేర్చడానికి ఆసుపత్రికి తీసుకువచ్చింది. లోపలినుంచి కాంపౌండరు వచ్చి "అమ్మా, మీవాడు ఫిట్" అన్నాడట. ఆమె గుండెలు బాదుకుని "అయ్యో, మా ఇంటా వంటా లేదు నాయనా, తాళాల గుత్తి చేతిలో పెట్టండి" అని ఏడ్చిందట. మన ఊళ్లలో ఫిట్స్ అంటే మూర్ఛ. ఒక్క 'ఎస్' చేరితే శుభవార్త అశుభవార్త అయింది. ఇంగ్లీషు నిఘంటువులు ఈ రెంటినీ వేర్వేరు మాటలుగా చూపిస్తాయి. ఒకే స్పెల్లింగు, ఇంటిపేర్లు వేరు. అన్నట్టు ఫిట్స్ వచ్చినప్పుడు తాళాలు చేతిలో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. సందర్భం వచ్చింది కనుక చెప్పాను.

ఇక మన 'బెనిఫిట్స్' ఉన్నాయి. రిటైర్మెంట్ బెనిఫిట్స్‌లో కనబడే ఫిట్ ఈ ఫిట్ కాదు. అది లాటిను నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట, మేలు చేయడం అని మూలార్థం. దూరం నుంచి వస్తున్న మాట కాబట్టి చేరడానికి ఆలస్యమవుతుందేమో. ఫిట్టరు మాత్రం ఈ ఇంటివాడే. ఒక భాగాన్ని ఇంకో భాగానికి తగినట్టు అమర్చేవాడు. మన గనుల్లో ఫిట్టరు లేకపోతే పంపు ఆగుతుంది, పంపు ఆగితే గని మునుగుతుంది.

గనుల మాట వచ్చింది కాబట్టి అసలు విషయంలోకి వస్తాను.

మన ఊరు ఈ మాట మీదనే నిలబడిన ఊరు. 1871లో భూగర్భ శాస్త్ర సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. ఆయన పేరుతోనే కింగ్ సీమ్ అనే బొగ్గు పొర ఇప్పటికీ పిలవబడుతోంది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ లండన్‌లో ఏర్పడి ఇక్కడి తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో బొగ్గు ఉత్పత్తి మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా ఏర్పడింది. కంపెనీకి పేరు పక్కనున్న సింగరేణి ఊరిది, బొగ్గు మన ఇల్లందుది. పాతవాళ్లు మన ఊరిని బొగ్గుట్ట అనే పిలిచేవారు. ఆ రోజుల్లో మనిషి ఫిట్టా కాదా అని చూసే పద్ధతి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. చేతులు చూసి, భుజాలు చూసి, తట్ట ఎత్తగలడా అని చూసి ఉంటారు.

1952లో గనుల చట్టం వచ్చింది. 1955లో గనుల నియమావళి వచ్చింది. ఆ నియమాల ప్రకారం చేరేటప్పుడు ఒక వైద్య పరీక్ష, ఆ తర్వాత అయిదేళ్లకు మించకుండా మళ్లీ మళ్లీ వైద్య పరీక్ష జరపాలి. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తుల శక్తి, చెవుల వినికిడి పరీక్షిస్తారు. ఇది కార్మికుణ్ణి కాపాడడానికి పెట్టిన నియమం. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బుకు న్యూమోకోనియోసిస్ అని పేరు. ఒకసారి పేరుకున్నది పోదు. తొందరగా కనిపెట్టి మనిషిని దుమ్ములోనుంచి తప్పించడమే మార్గం. కాబట్టి గనిలో 'అన్‌ఫిట్' అనే మాట నిజానికి ఒక హెచ్చరిక, ఈ మనిషిని ఈ చోటునుంచి తప్పించండి అని. మనిషి చెడ్డవాడు అని గాని పనికిరానివాడు అని గాని కాదు. చోటు అతనికి తగలేదు, అంతే.

కాని మన ఇళ్లలో ఆ మాట ఎలా వినబడుతుంది? నేను బడిలో పనిచేసే రోజుల్లో సాయంత్రం పూట చాలామంది కాగితాలు తీసుకుని వచ్చేవారు. కాగితాలు ఇంగ్లీషులో ఉండేవి, మనుషులు తెలుగులో ఉండేవారు. ఒకరోజు ఒక ఫిల్లరు వచ్చాడు. నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్ల మనిషి. నాలుగు మెట్లెక్కి అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకోవడానికి కొంతసేపు పట్టింది. వెంట పెద్ద కొడుకు ఉన్నాడు, నా దగ్గర పదవ తరగతి చదివినవాడే. "సారూ, నన్ను అన్‌ఫిట్ చేసిండ్రంట. ఇగ ఇంట్ల కూసోమన్నట్టేనా? ఈ కాయితం కొంచెం సదివి చెప్పండి" అన్నాడు. అప్పటికి మూడు రోజులుగా ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదట. భార్య ఊళ్లో ఉన్న రెండెకరాలు అమ్మే మాట ఎత్తిందట. కొడుకు మొహంలో భయమూ ఉంది, ఇంకొకటి కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

కాగితం చదివాను. అందులో ఉన్నది రెండే ముక్కలు. 'అన్‌ఫిట్ ఫర్ అండర్‌గ్రౌండ్. ఫిట్ ఫర్ లైట్ జాబ్ ఆన్ సర్ఫేస్.' అంటే భూగర్భంలో దిగే పనికి తగడు, ఉపరితలం మీద తేలిక పనికి తగును. ఎవరో ఆఫీసు వరండాలో మొదటి మాట ఒక్కటే వినిపించి పంపించారు. మిగిలిన ఎనిమిది మాటలూ ఆయన చెవిలో పడలేదు. నేను 'ఫర్' అనే మాట మీద వేలు పెట్టి, "అన్నా, నువ్వు అన్‌ఫిట్ కాదు, దిగుడుకు మాత్రమే అన్‌ఫిట్. పైన పనికి ఫిట్ అని వాళ్లే రాసి ఇచ్చారు" అని చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత ఆయన ల్యాంపు రూములో పని చేశాడు. జీతం మాత్రం తగ్గింది. అది వేరే బాధ, దాని గురించి కూడా చెప్పవలసి ఉంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలనిపిస్తోంది. మన బొగ్గు మోసే రైలు వ్యాగన్లున్నాయి చూశారా, వాటిలో ఏదైనా పాడైతే రైల్వేవారు దాన్ని అన్‌ఫిట్ అని వదిలేయరు. 'సిక్' అని మార్కు చేస్తారు. సిక్ లైన్ అని వేరే పట్టా ఉంటుంది, అక్కడకు పంపి బాగుచేసి 'ఫిట్' చేసి మళ్లీ బండికి తగిలిస్తారు. ఇనుప డబ్బాకు జబ్బు చేస్తుంది, మనిషి మాత్రం అన్‌ఫిట్ అవుతాడు. ఈ రెండు మాటలు ఎవరో ఎక్కడో తారుమారు చేశారని నాకు ఎప్పుడూ అనుమానం.

జీతం తగ్గడం గురించి. సర్వీసులో ఉండగా అంగవైకల్యం కలిగినవారిని తీసివేయరాదు, హోదా తగ్గించరాదు అని 1995 వికలాంగుల చట్టం 47వ సెక్షన్‌లో రాశారు. ఉన్న పోస్టుకు తగకపోతే అదే జీతం మీద ఇంకో పోస్టు చూపించాలి. అదీ లేకపోతే ఖాళీ దొరికేదాకా గాని, రిటైర్మెంటు వయసు దాకా గాని అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. 2016లో వచ్చిన కొత్త చట్టంలో 20వ సెక్షన్ అదే. 2003లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కానిస్టేబులు కేసు వచ్చింది. డ్యూటీలో దెబ్బ తగిలి కాలు తీసేయవలసి వచ్చింది. ఆయనకు ఇన్వాలిడ్ పెన్షను ఇచ్చాం కదా అని ప్రభుత్వం వాదించింది. పెన్షను ఇచ్చినంత మాత్రాన చట్టం ఇచ్చిన రక్షణ పోదు అని కోర్టు చెప్పింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన ఆర్టీసీది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరి కేసులో తీర్పు ఇచ్చింది. రంగులు గుర్తించే చూపు సరిగా లేదని ఆయన్ను డ్రైవరుగా అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపారు. ఎరుపు ఆకుపచ్చ తెలియనివాడికి బస్సు ఇవ్వలేం, నిజమే. ఆ బస్సులో నేనూ కూర్చుంటాను కదా. అయితే స్టీరింగుకు తగని మనిషి డిపోలో ఏ పనికీ తగడా? సంస్థకూ కార్మికులకూ మధ్య 1979లో జరిగిన ఒప్పందంలో ఇలాంటి డ్రైవర్లకు వేరే ఉద్యోగం చూపాలని ఉంది. కోర్టు దాన్ని ఎత్తి చూపి, వేరే పోస్టు ఇవ్వమని ఆదేశించింది. మళ్లీ అదే ప్రశ్న, దేనికి అన్‌ఫిట్? ఆ ప్రశ్న అడగడానికి ఒక డ్రైవరు ఢిల్లీ దాకా వెళ్లవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ ఫిల్లరు కొడుకు మొహంలో నేను చూసిన రెండో భావం గురించి. అది ఆశ. మీకందరికీ తెలిసిందే, ఎవరూ సభలో చెప్పరు గాని నేను చెబుతాను. మన ప్రాంతంలో అన్‌ఫిట్ అనే మాట కోసం ఎదురుచూసే ఇళ్లు కూడా ఉన్నాయి. తండ్రి పూర్తిగా అన్‌ఫిట్ అయితే కొడుకుకు ఉద్యోగం. 2016లో వారసత్వ ఉద్యోగాల పథకం ప్రకటించారు. అది రాజ్యాంగానికి విరుద్ధమని 2017లో హైకోర్టు కొట్టివేసింది, సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. ఆ తర్వాత వైద్య కారణాల మీద కారుణ్య నియామకాల దారి మిగిలింది. కొత్తగూడెం మెయిన్ ఆసుపత్రిలో మెడికల్ బోర్డు కూర్చునే రోజున వరండాలో నిలబడి చూడండి. తండ్రి లోపలికి వెళతాడు. బయట కొడుకు, కోడలు. లోపలినుంచి 'అన్‌ఫిట్' అని వస్తే ఊపిరి పీల్చుకుంటారు. 'ఫిట్ ఫర్ సర్ఫేస్' అని వస్తే మొహాలు వాడిపోతాయి. నీ ఆరోగ్యం ఇంకా కొంత మిగిలి ఉందయ్యా అని డాక్టరు చెబితే ఆ కుటుంబానికి అది దుర్వార్త!

నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న కొడుకును చూస్తూ గనిలో దిగే తండ్రి మనసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. తన ఊపిరితిత్తులు ఎటూ పోయాయి, దానికి బదులుగా పిల్లవాడి బతుకన్నా నిలబడితే చాలనుకుంటాడు. ఈ ఆశను అడ్డం పెట్టుకుని, బోర్డులో మాకు మాట సాయం ఉంది, ఇంత ఇస్తే అన్‌ఫిట్ చేయిస్తాం అని తిరిగే దళారులు బయలుదేరతారు. అప్పు చేసి వాళ్ల చేతిలో పోసి, చివరకు ఫిట్టూ కాక అన్‌ఫిట్టూ కాక మిగిలినవాళ్లు నాకు తెలుసు. విడ్డూరం చూడండి, తండ్రికి అన్‌ఫిట్ రాసిన తర్వాత కొడుకు ఉద్యోగంలో చేరాలంటే మళ్లీ వైద్య పరీక్ష ఉంటుంది. అక్కడ కొడుకుకు 'ఫిట్' రావాలి. నాన్న కాగితంలోనుంచి తీసేసిన మాట కొడుకు కాగితంలో పెడతారు. అయిదేళ్లు గడవగానే అతని ఛాతీకి మళ్లీ ఎక్స్‌రే.

వయసు గురించి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

రిటైరైనవాడు అన్‌ఫిట్ అయ్యాడని చాలామంది అనుకుంటారు, మనలో కొందరు కూడా అనుకుంటారు. 1983 ఫిబ్రవరిలో రామారావుగారి ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించింది. అప్పటికి సర్వీసులో ఉన్న పెద్దలు ఇక్కడ కొద్దిమందే మిగిలారు. నెలాఖరున వేలాదిమంది ఇంటికి వెళ్లిపోయారు. 55 నిండిన హెడ్మాష్టరు, ఫిబ్రవరి 28 సాయంత్రం దాకా పాఠం చెప్పడానికి ఫిట్, మార్చి ఒకటి ఉదయానికి కాదు. ఆయన ఒంట్లో ఆ రాత్రి ఏం మారింది? ఏమీ మారలేదు. 1984లో మళ్లీ 58 చేశారు. ఈ రాకపోకల మీద కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60, 2021లో తెలంగాణలో 61 అయింది. 55 అన్నప్పుడూ మన గుండె అదే, 61 అన్నప్పుడూ అదే. రిటైర్మెంటు వయసు ఖజానా లెక్క, నిరుద్యోగుల లెక్క. దాన్ని మన శక్తికి కొలతగా తీసుకోనక్కరలేదు.

ఏటా మనం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌లో గమనించారా, ఫిట్టా కాదా అని అడగరు. బతికి ఉన్నామా అని మాత్రమే అడుగుతారు. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చాక కొందరికి వేలిముద్రతోనే సరిపోతోంది. అయితే బొగ్గులోను, సుద్దముక్కల్లోను అరిగిన వేళ్లకు ముద్ర పడకపోతే యంత్రం ఒప్పుకోదు. అప్పుడు ముఖం చూపించి గాని, స్వయంగా హాజరై గాని ఇవ్వవచ్చు. కంగారు పడకండి.

చివరగా ఒక విన్నపం. మన సంఘ సభ్యుల ఇళ్లలో ఎవరికైనా మెడికల్ బోర్డు కాగితం గాని, ఆసుపత్రి ఫిట్‌నెస్ కాగితం గాని వస్తే, మొదటి మాట చూసి మడిచి పెట్టవద్దు. 'ఫర్' తర్వాత ఏం రాశారో చూడండి. 'టెంపరరీ' అని ఉందా, ఎన్నాళ్లకు అని ఉందా చూడండి. గనుల నియమావళిలో అన్‌ఫిట్ చేసినవారికి అప్పీలు చేసుకునే అవకాశం ఉంది, దానికి గడువు ఉంటుంది. గడువు దాటాక నా దగ్గరకు వచ్చేవారే ఎక్కువ. కాగితం అందిన రోజే తీసుకురండి. సంఘం కార్యాలయంలో మంగళ, శుక్రవారాలు సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా నేను ఉంటాను. ఫీజు లేదు. కళ్లజోడు మాత్రం మీది మీరు తెచ్చుకోండి, నేను చదివేటప్పుడు మీరూ పక్కన కూర్చుని చూడాలి.

 కార్యదర్శిగారు కరువు భత్యం సంగతి చెబుతారు. సెలవు.